గజం మీద గాలి ఎంత? రాళ్లవాన ఎక్కడ పుడుతుంది?

(ఆలూరులో జరిగిన రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం. యాసంగి పంట చేతికొచ్చే లోపు అందరికీ అందాలని ఈ సంచికలో ఇస్తున్నాం. మధ్యలో సభ్యులు అడిగిన ప్రశ్నలను కూడా అట్లాగే ఉంచాం.)



టమాట రేటు గురించి, కరెంటు గురించి మాట్లాడుకోవాల్సిన మీటింగులో ఈ మొగుళ్ల ముచ్చట ఏందని పొద్దున టీ తాగేటప్పుడు ఒక పెద్దమనిషి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ పోయినసారి మనం కూర్చున్నప్పుడు ఎక్కువమంది అడిగింది ఒక్కటే. "రాళ్లవానకు నా పంట పోయింది. పక్క ఊరి పేరు లిస్టులో ఉంది, మా ఊరిది లేదు. ఎందుకు?" దీనికి జవాబు దొరకాలంటే కాగితాలు తిరగేస్తే చాలదు, కొంచెం పైకి కూడా చూడాలి. అందుకే ఇవాళ పైనుంచి మొదలుపెట్టి కిందికి వద్దామని అనుకున్నాం.

మనకు దగ్గర్లోనే జరిగిన రెండు సంగతులు గుర్తు చేస్తాం.

2022 డిసెంబరు 7న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఆకాశం నుంచి ఒక పెద్ద డబ్బా లాంటిది దిగింది. ఊరూరా పుకారు పాకింది. గ్రహాంతరవాసుల వాహనమని కొందరు, బాంబు అని కొందరు. జనం ఎగబడ్డారు, పోలీసులు వచ్చారు. తీరా చూస్తే అది స్పెయిన్ దేశపు హాలో స్పేస్ అనే కంపెనీ గూడు. డబ్బున్నవాళ్లను ఆకాశంలో పైదాకా తీసుకుపోయి చూపించే వ్యాపారం పెట్టాలని, మనుషులు లేకుండా పరీక్షకు పంపారు. హైదరాబాదులో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం నుంచి దాన్ని ఎగరేశారు. అది దాదాపు 37 కిలోమీటర్ల ఎత్తుకు పోయి వచ్చి మన రైతుల చేన్లో కూర్చుంది.

మూడు నెలలు దాటిందో లేదో, 2023 మార్చి 16న అదే మర్పల్లి మండలంలో రాళ్లవాన పడింది. పొలాలు, రోడ్లు తెల్లగా పరుచుకుపోయాయి. కాశ్మీరు లెక్క ఉందని ఫోన్లలో వీడియోలు తిరిగాయి. కాశ్మీరును చూసి మురిసినవాళ్లు చూశారు, పంట పోయినవాళ్లు ఏడ్చారు.

రెండూ పైనుంచి పడ్డవే. మొదటిది ఎంత ఎత్తుకు పోయింది, ఏ గాలికి ఎటు కొట్టుకుపోయింది, ఎన్ని గంటలకు ఎక్కడ దిగింది, అన్నీ దాన్ని పంపినవాళ్ల దగ్గర రాసి ఉన్నాయి. రెండోది ఏ సర్వే నంబరు దగ్గర మొదలై ఏ సర్వే నంబరు దగ్గర ఆగిందో ఎవరి దగ్గరా రాసి లేదు. మా మాటంతా ఈ తేడా గురించే.

ముందు గాలి బరువు సంగతి చూద్దాం. మన చేవెళ్ల, మొయినాబాద్ వైపు గజం ఎంత అని అడిగితే చిన్నపిల్లాడు కూడా రేటు చెబుతాడు. గజం మీద గాలి ఎంత అని మాత్రం ఎవరూ అడగరు. మనం ఉన్నది సముద్రానికి 600 మీటర్ల పైచిలుకు ఎత్తులో. ఇక్కడ ఒక చదరపు గజం నేల మీద నిలబడ్డ గాలి బరువు దాదాపు 8 టన్నులు, అంటే 80 క్వింటాళ్లు. అన్ని వైపుల నుంచీ ఒకే తీరుగా ఒత్తుతుంది, మన ఒంటి లోపల కూడా అదే ఒత్తిడి ఉంటుంది, అందుకే మనకు తెలియదు. వాతావరణ శాఖ పీడనం అనేది ఈ బరువునే. వాళ్లు మిల్లీబార్లలో, హెక్టోపాస్కళ్లలో చెబుతారు. మనం క్వింటాళ్లలో చెప్పుకుందాం.

ఇప్పుడు చేవెళ్ల నుంచి మొయినాబాద్ పోయే రోడ్డును ఎత్తి నిటారుగా నిలబెట్టామనుకోండి. సుమారుగా ఆ రోడ్డు పొడవంత ఎత్తుకు పోయేసరికి 80 క్వింటాళ్లలో 70కి పైగా కిందనే ఉండిపోతాయి. ఇంకా పైన మిగిలేది ఎనిమిది, ఎనిమిదిన్నర క్వింటాళ్లు. ఆ దగ్గర్నుంచి మొదలయ్యేదే స్ట్రాటోస్పియర్. మన తెలుగు పుస్తకాల్లో స్తరావరణం అంటారు. అది 50 కిలోమీటర్ల దాకా ఉంటుంది. 30 కిలోమీటర్ల దగ్గర గజం మీద మిగిలేది ఒక్క క్వింటాలు. 40 దగ్గర పాతిక కిలోలు, సగం సిమెంటు బస్తా. మొగిలిగుండ్లలో దిగిన గూడు పోయి వచ్చింది అంత పలుచటి చోటికి.

టీవీలో అల్పపీడనం అంటే భయపడతాం, తుపాను అంటే ఇంకా భయపడతాం. మామూలు అల్పపీడనంలో గజం మీద తగ్గే బరువు ఎంతనుకున్నారు? ఇరవై అయిదు, ముప్పై కిలోలు. 80 క్వింటాళ్లలో సగం బస్తా తక్కువైతేనే చుట్టుపక్కల గాలంతా అటు పరుగెత్తి, బంగాళాఖాతం నీళ్లను మోసుకొచ్చి మన పత్తి మీద పోస్తుంది. పెద్ద తుపానులో తగ్గేది నాలుగు క్వింటాళ్లు ఉంటుంది. దానికే ఊళ్లు కొట్టుకుపోతాయి.

*

ఇక ఎండ, చలి సంగతి. పైకి పోయేకొద్దీ చల్లగా ఉంటుందని మనకు తెలుసు. మార్చి, ఏప్రిల్‌లో ఇక్కడ 38, 40 డిగ్రీల ఎండ కొడుతున్నప్పుడు, మన తల మీద నాలుగున్నర, అయిదు కిలోమీటర్ల ఎత్తున నీళ్లు గడ్డకట్టే చలి ఉంటుంది. ఆలూరు నడిబొడ్డున నిలబడి చూస్తే ఐసు ఫ్యాక్టరీ అయిదు కిలోమీటర్ల దూరంలోనే ఉంది, కాకపోతే నిలువుగా ఉంది. 16, 17 కిలోమీటర్ల దగ్గర మైనస్ 75, 80 డిగ్రీలు. అంటార్కిటికాలో కూడా అంత చలి అరుదు. మన ఉష్ణమండలం మీద ఆ ఎత్తున ఉండే చలి, ధ్రువాల మీద అదే ఎత్తున ఉండే చలి కంటే ఎక్కువని చెబితే మొదట మాకూ నమ్మబుద్ధి కాలేదు.

అక్కడ ఒక వింత జరుగుతుంది. ఇంకా పైకి పోతే చలి పెరగదు, తగ్గుతుంది. 30 కిలోమీటర్ల దగ్గర మైనస్ 45 చిల్లర, 50 దగ్గర సున్నాకు చేరువ. కారణం ఓజోన్. సూర్యుడి అతినీలలోహిత కిరణాలను అది అక్కడే పట్టేసి వేడెక్కుతుంది. ఆ కిరణాల్లో కింది దాకా వచ్చే కాస్త భాగానికే మన పాలీహౌస్ షీటు కొన్నేళ్లలో పెళుసుబారిపోతుంది, మొత్తం వస్తే షీటుతో పాటు కింద మొక్క కూడా బతకదు. ఈ సంగతిని 1902లో ఫ్రాన్సు దేశంలో టెస్రాం ద బోర్ అనే ఆయన ప్రపంచానికి చెప్పాడు. వందల బెలూన్లు ఎగరేసి కొలిచాడు. మొదట్లో తన కొలత మీద తనకే అనుమానం వచ్చింది. ఎండ తగిలి థర్మామీటరు తప్పు చూపిస్తుందేమోనని రాత్రిళ్లు కూడా ఎగరేసి చూశాడు.

ఇది రైతుకు ఎందుకంటే, మొగులు పైకి లేవడానికి కారణం దాని లోపలి గాలి చుట్టూ ఉన్న గాలి కంటే వెచ్చగా, తేలికగా ఉండటం. పొయ్యి మీది పొగ లాగే. పైకి పోయేకొద్దీ చుట్టూ గాలి చల్లబడుతుంది కాబట్టి అది లేస్తూనే ఉంటుంది. స్ట్రాటోస్పియర్ అంచుకు రాగానే పైన ఉన్న గాలే వెచ్చగా తగులుతుంది. ఇక లేవలేదు. గిన్నె మీద మూత పెట్టినట్టు. పైకి పోలేక పక్కలకు పరుచుకుంటుంది. చూసే ఉంటారు, వేసవి సాయంత్రం పెద్ద మొగులు తల చదునుగా, కమ్మరి దాగలి లాగా సాగి ఉంటుంది. ఆ చదును దగ్గరే మన వాతావరణం ఆగిపోతుందన్న మాట. దాని మీద ఉన్న గాలిలో నీటి ఆవిరి పది లక్షల పాళ్లలో నాలుగైదు పాళ్లే. అక్కడ వాన లేదు, ఉరుము లేదు. మన మీద పడే ప్రతి చినుకూ ప్రతి రాయీ మూత కింద తయారైనదే.

(ఇక్కడ ఒక అన్న లేచి, "మరి విమానాలు ఎక్కడ పోతయి?" అని అడిగాడు. పది, పన్నెండు కిలోమీటర్ల దగ్గర. మూత కిందనే. అందుకే శంషాబాద్ విమానాలు కూడా ఇట్లాంటి మొగులు ఎదురైతే చుట్టు తిరిగి పోతాయి. దాని మీద నుంచి దూకలేవు.)

*

రాళ్లు ఎట్లా తయారవుతాయి? టీవీలో క్యుములోనింబస్ అని నోరు తిరగని పేరు చెబుతారే, ఆ నిలువు మొగులు అడుగు ఒక కిలోమీటరో రెండో ఎత్తున ఉంటే, తల 13, 15, గట్టిదైతే 16 కిలోమీటర్ల దాకా పోతుంది. దాని లోపల కింది నుంచి పైకి గాలి తోసుకుపోతుంటుంది. ఆ గాలి నీటి తుంపరలను గడ్డకట్టే ఎత్తు దాటించి తీసుకుపోతుంది. విచిత్రం ఏమంటే, సున్నా కంటే ఎంతో చల్లబడినా చాలా తుంపరలు వెంటనే గడ్డకట్టవు. నీళ్లలాగే ఉండి, దేనికైనా తగిలితే ఆ క్షణాన గడ్డకడతాయి. ఒక చిన్న మంచు పలుకు దొరికిందా, దాని మీద ఒక్కో తుంపరా అతుక్కుని రాయి పెరుగుతుంది. రాయిని కోసి చూస్తే ఉల్లిగడ్డ పొరల్లాగా తెలుపు పొర, గాజు పొర కనపడతాయి. కింది నుంచి తోసే గాలి మోయగలిగినంతసేపు రాయి పైన ఉంటుంది. మోయలేనప్పుడు పడుతుంది. నిమ్మకాయంత రాయిని పైన నిలపాలంటే గాలి నిలువుగా గంటకు దాదాపు 100 కిలోమీటర్ల వేగంతో తోయాలి. మన చేన్లో నిమ్మకాయంత రాయి పడిందంటే, మన తల మీద అంత వేగంతో నిలువు గాలి వీచిందని రుజువు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వానాకాలంలో ఇంత వాన పడుతుంది, మరి అప్పుడు రాళ్లు ఎందుకు పడవు? అప్పుడు మొగులు నిండా తేమ, కానీ నేల అంత కాగి ఉండదు, నిలువు గాలి అంత విసురుగా ఉండదు. గడ్డకట్టే ఎత్తు ఇంకా పైకి జరుగుతుంది కాబట్టి చిన్న రాయి ఏర్పడినా దారిలో కరిగి చినుకై పడుతుంది. మార్చి నుంచి మే దాకా సంగతి వేరు. నేల కాగి ఉంటుంది. కింద బంగాళాఖాతం నుంచి తేమ గాలి వస్తుంది. పైన పడమటి నుంచి పొడి చల్లగాలి వస్తుంది. "విదర్భ నుంచి తెలంగాణ మీదుగా తమిళనాడు దాకా ద్రోణి, సముద్ర మట్టానికి 0.9 కిలోమీటర్ల ఎత్తున" అని రేడియోలో వింటాం చూడండి, అది ఈ రెండు గాలులు కలిసే గీత. ద్రోణి అనగానే అందరికీ వాన అని కాదు. దాని పక్కన పడ్డ ఊళ్లకు ఆ సాయంత్రం జాగ్రత్త అని.

మొగులు తల ఎటు సాగిందో చూడటం మన పెద్దలకు తెలుసు. కారణం మాత్రం ఈమధ్యనే తెలిసింది. వేసవిలో పై గాలి పడమటి నుంచి వస్తుంది, కాబట్టి దాగలి తూర్పుకు సాగుతుంది. వికారాబాద్ వైపు నుంచి తల మన మీదికి సాగి వస్తుంటే కింది మొండెం వెనక వస్తోందని లెక్క. వానాకాలం నడిమధ్య అదే తల పడమరకు సాగుతుంది. ఎందుకంటే అప్పుడు మూతకు కాస్త కింద, 14, 15 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుంచి పడమరకు ఒక గాలి నది పారుతుంది. దాన్ని 1950లలో వివరించి చెప్పినవాడు మన తెలుగువాడే, పంచేటి కోటేశ్వరం. తర్వాత దేశ వాతావరణ శాఖకే అధిపతి అయ్యాడు. ఆయన పేరు మన పిల్లల పాఠాల్లో ఉండాలని మా అభిప్రాయం. ఎందరి పేర్లో ఉన్నాయి, రుతుపవనాన్ని పైనుంచి చదివినవాడి పేరు ఉంటే తప్పేముంది.

చంద్రుడి చుట్టూ గుడి కడితే వాన అని అమ్మమ్మలు చెప్పేవాళ్లు. అది కూడా ఉత్తమాట కాదు. ఆ గుడి ఎత్తున ఉండే పలుచటి మొగులులోని మంచు పలుకుల వల్ల కనపడుతుంది. తేమ పైదాకా చేరిందని గుర్తు. అయితే గుడి కట్టిన ప్రతిసారీ వాన రాదు, అది మనకూ తెలుసు.

*

ఈ పైలెక్కలన్నీ ఎవరు కొలుస్తున్నారు? రోజుకు రెండుసార్లు, పొద్దున అయిదున్నర, సాయంత్రం అయిదున్నర లెక్కకు, ప్రపంచమంతా వాతావరణ శాఖల వాళ్లు రబ్బరు బెలూన్లు వదులుతారు. మన దగ్గర బేగంపేట నుంచి వదులుతారు. దాని కింద చిన్న డబ్బా. అది ఎత్తు పెరిగేకొద్దీ పీడనం, వేడి, తేమ, గాలి కొలిచి రేడియోలో పంపుతుంది. పైన గాలి పలుచన కాబట్టి బెలూను ఉబ్బుతూ పోతుంది. 30 కిలోమీటర్ల దగ్గరికి చేరితే లోపలి గ్యాసు మొదట ఉన్నదానికి దాదాపు 60 రెట్లు అవుతుంది. అక్కడెక్కడో రబ్బరు పగిలి డబ్బా కింద పడుతుంది. బాయికాడ చిన్న తెల్ల డబ్బా, చినిగిన రబ్బరు దొరికితే అది ఇదే అయి ఉంటుంది.

టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లవి వేరు. అవి 50 నుంచి 85 మీటర్ల వెడల్పు ఉండే పలుచటి పాలిథీన్ బెలూన్లు. ఎక్కువగా చలికాలం, వేసవి మొదట్లో, రాత్రి నుంచి తెల్లవారుజాము లోపు వదులుతారు. 30 నుంచి 42 కిలోమీటర్ల దాకా పోతాయి. పని అయ్యాక పరికరాలను రంగు పారాచూట్లతో దించుతారు. విశాఖపట్నం నుంచి హైదరాబాద్ మీదుగా షోలాపూర్ దాకా గీత గీస్తే ఆ వరసలో ఎక్కడైనా దిగొచ్చని వాళ్లే ప్రకటిస్తారు. మనం ఆ గీతకు దగ్గర్లోనే ఉన్నాం. 2025 జనవరిలో బీదర్ జిల్లా హుమ్నాబాద్ తాలూకా జలసంగిలో ఒక ఇంటి మీదనే పడింది. మీ చేన్లో దిగితే ముట్టుకోవద్దు, విప్పవద్దు. కొన్నింటిలో హై వోల్టేజీ ఉంటుంది. డబ్బా మీద ఫోన్ నంబరు రాసి ఉంటుంది, దానికో పోలీసులకో చెప్పండి. చెడగొట్టకుండా కబురు చెప్పినవాళ్లకు ఖర్చులు, బహుమతి ఇస్తామని వాళ్ల ప్రకటనలోనే ఉంది. పంట తొక్కుడు పడితే అదీ అప్పుడే, అక్కడే రాయించండి.

ఈ బెలూన్లతో మనకేం ఒరిగింది అని తీసిపారేయకండి. 2005 ఏప్రిల్‌లో ఇస్రో వాళ్లు హైదరాబాద్ నుంచి ఇట్లాంటి బెలూన్ పంపి, 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలి పట్టి తెచ్చారు. అందులో అంతకుముందు ఎవరికీ తెలియని మూడు రకాల బ్యాక్టీరియా దొరికాయి. గజం మీద పాతిక కిలోల గాలి ఉన్నచోట, ఒళ్లు మాడ్చే కిరణాల నడుమ ఒక పురుగు బతికి ఉందంటే ఆశ్చర్యమే. చదువుకున్నవాళ్లు కొలవాలని అనుకుంటే 41 కిలోమీటర్ల ఎత్తున సూక్ష్మజీవిని కూడా కొలవగలరు, అదే మేం చెప్పేది.

మరి కింద? రాష్ట్ర ప్రణాళికా సంస్థ వాళ్ల ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు తెలంగాణలో వెయ్యికి పైగా ఉన్నాయి. దేశంలో చాలా రాష్ట్రాలకు ఇంత దగ్గర దగ్గరగా లేవు. మంచిదే. అవి వాన, వేడి, తేమ, గాలి కొలుస్తాయి. రాళ్లను కొలవవు. గరాటులో పడిన రాయి కరిగి నీళ్లయితే వాన లెక్కలో కలుస్తుంది. కొన్ని అంచుకు తగిలి ఎగిరి బయట పడతాయి. పైగా రాళ్లవాన అనేది ఒక పట్టీ లాగా పడుతుంది. వెడల్పు ఒక కిలోమీటరో, రెండు మూడు కిలోమీటర్లో. కేంద్రం ఆ పట్టీలో లేకపోతే అక్కడి లెక్కలో వాన 4 మిల్లీమీటర్లు అని ఉంటుంది. 4 మిల్లీమీటర్లకు పంట ఎట్లా పోతుందయ్యా అని అడుగుతారు.

మాకు తెలిసిన ఒక కుటుంబం సంగతి చెబుతాం. పేరు, ఊరు వద్దు. రెండెకరాలు క్యారెట్, ఎకరం కొత్తిమీర, అరెకరం చామంతి. పావుగంట రాళ్లు పడ్డాయి. కొత్తిమీర నేలలో కలిసింది. చామంతి తలలు తెగాయి. క్యారెట్ ఆకు చీలికలైంది, గడ్డ మాత్రం నేలలో ఉంది. చూడటానికి మనిషి వచ్చింది తొమ్మిదో రోజు. అప్పటికి కొత్తిమీర దున్నేశారు, ఎందుకంటే కౌలు భూమి ఖాళీగా పెట్టుకుంటే రోజు రోజుకూ నష్టం. "ఇక్కడ పంట ఉందని రుజువేంది?" అన్నాడు. క్యారెట్ చూసి, "గడ్డ బాగానే ఉంది కదా" అన్నాడు. ఆకు లేని గడ్డ ఊరదు, ఇంకో వారానికి మెత్తబడింది. చామంతి కట్టలు కట్టి గుడిమల్కాపూర్ తీసుకుపోతే మచ్చ పడ్డ పువ్వు ఎవరికి కావాలి? ఆ ఇంటి అక్క మాతో అన్నది ఒక్కటే: "రాళ్లు ఏరి డబ్బాలో పెట్టుకోవాల్సింది."

ఆమె మాట తమాషాకు అనలేదు. విపత్తు సాయానికి కేంద్రం పెట్టిన నిబంధన ప్రకారం పంట నష్టం 33 శాతం దాటాలి. 2015కు ముందు 50 శాతం ఉండేది, తగ్గించారు. వరికి, మొక్కజొన్నకు ఆ 33 ఎట్లాగో అంచనా కడతారు. టమాటకు ఎట్లా కడతారు? కాయ చెట్టుకే ఉంది, కానీ ఒక్క రాయి దెబ్బ మచ్చ ఉంటే బండిలో ఎక్కించుకోరు. కంటికి నష్టం 20 శాతం, మార్కెట్లో నష్టం 90. కూరగాయలు, పూలు పండించే మన చేవెళ్ల, మొయినాబాద్, షాబాద్, శంకర్‌పల్లి రైతుకు ఈ నిబంధన మొదటి నుంచీ సరిపోని చొక్కానే. ఫసల్ బీమా సంగతి చూస్తే, 2020 వానాకాలం నుంచి రాష్ట్రం అందులో నుంచి బయటికి వచ్చింది. బీమా ఉన్నచోట రాళ్లవానకు విడిగా, పొలం లెక్కన నష్టం కడతారు, 72 గంటల లోపు కబురు చెప్పాలి. అంటే పొలం లెక్కన కట్టడం కుదరని పని కాదు. 2023 మార్చి నష్టానికి అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఎకరాకు 10,000 ప్రకటించింది. ఒకసారి ప్రకటన చేయడం వేరు, ప్రతిసారీ దొరికే హక్కు వేరు.

*

(ప్రశ్న: "రాళ్లు పడకుండా ఫిరంగులు పేలుస్తరంట కదా, మనం తెప్పించుకోవద్దా?")

తెప్పించుకోవద్దు. కొన్ని దేశాల్లో ద్రాక్ష, ఆపిల్ తోటల్లో పేలుస్తారు. దానికి శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ వాతావరణ సంస్థే చెప్పింది. 16 కిలోమీటర్ల నిలువు మొగులు లోపల వంద కిలోమీటర్ల గాలి వీస్తుంటే కింద చప్పుడు చేస్తే ఏమవుతుంది? ఉరుము అంతకంటే గట్టిగానే ఉరుముతోంది, దానికే ఆగట్లేదు. పనిచేసేది వల. హిమాచల్‌లో ఆపిల్ రైతులు సబ్సిడీ మీద వలలు కట్టుకుంటున్నారు. మన పూల తోటలకు, నారుమళ్లకు ఆ సబ్సిడీ అడగాలి. అది మన కోర్కెల్లో మూడోది.

(ప్రశ్న: "పైన మందు చల్లి ఎండ తగ్గిస్తరని వీడియోల చూసిన. నిజమేనా?")

సగం నిజం. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలి, కోటిన్నర టన్నులకు పైగా గంధకం పొగ స్ట్రాటోస్పియర్‌లోకి పోయింది. అక్కడ వాన లేదని చెప్పాం కదా, కడిగే వాన లేదు కాబట్టి ఏడాది, రెండేళ్లు అక్కడే ఉండిపోయింది. భూమి సగటు వేడి దాదాపు అర డిగ్రీ తగ్గింది. అదే పని కావాలని చేద్దామనేవాళ్లు కొన్ని దేశాల్లో ఉన్నారు. ఎండ తగ్గితే రుతుపవనం కూడా బలహీనపడొచ్చని శాస్త్రవేత్తలే హెచ్చరిస్తున్నారు. బోరు మీద, వాన మీద బతికే రైతును అడగకుండా ఆ మూత మీద ఎవరు ఏం చేసినా మనం ఒప్పుకోం అని మన సంఘం ఇప్పుడే చెప్పి పెట్టుకోవడం మంచిది. అయితే ఇది రేపటి మాట. ఈ మార్చిలో పడబోయే రాయి ఇవాళ్టి మాట.

కాబట్టి పని సంగతి. రాళ్లవాన పుస్తకం అని ఒకటి కుట్టించాం. ఊరికొకటి. ఎవరి దగ్గర ఉండాలో ఆ ఊరివాళ్లే తేల్చుకోండి, కానీ చేతిలో ఫోను, ఇంట్లో ఫ్రిజు ఉన్నవాళ్లయితే మేలు. రాళ్లు పడ్డ రోజు తేదీ, మొదలైన టైము, ఆగిన టైము రాయాలి. రాయి సైజు మన మాటలోనే రాయండి: చింతగింజంత, రేగిపండంత, నిమ్మకాయంత. నిమ్మకాయంత అని రాసి, దాని పక్కన స్కేలు గాని రూపాయి బిళ్ల గాని పెట్టి ఫోటో తీస్తే, నిలువు గాలి వేగమెంతో లెక్క కట్టగల ఇంజినీరు ఉన్నాడు. 4 మిల్లీమీటర్ల వాన అని కొట్టిపారేయడం ఇక అంత సులువు కాదు. నాలుగైదు రాళ్లు కవర్లో కట్టి ఫ్రిజులో పెట్టండి. మొగులు తల ఎటు సాగింది, గాలిదుమారం ఎటు నుంచి వచ్చింది రాయండి. ఏ సర్వే నంబర్ల దాకా పడింది, ఎక్కడ ఆగింది తప్పకుండా రాయండి. రాళ్లు పడని పొలం సంగతి కూడా రాయాలి. అది లేకపోతే పట్టీ అంచు తెలియదు, మనం రాసింది ఎవరూ నమ్మరు. పడనిచోట పడిందని ఒక్కరు రాయించినా పుస్తకం మొత్తం చెత్తబుట్టలోకి పోతుంది. ఇది కొంచెం కఠినంగానే చెబుతున్నాం.

దున్నేసే ముందు నాలుగు మూలల నుంచి ఫోటోలు. కౌలు రైతుల పేర్లు పట్టాదారు పేరు పక్కనే, విడిగా. మచ్చ పడ్డ టమాట, పువ్వు మార్కెట్లో తీసుకోకపోతే ఆ చీటీ, తక్కువ రేటుకు పోతే ఆ చీటీ అతికించండి. 33 శాతం నిబంధనలో మార్కెట్ నష్టాన్ని కూడా లెక్కపెట్టాలని అడగబోతున్నాం, చీటీలు లేకుండా అడగలేం. ఫోన్లో మేఘదూత్, పిడుగులకు దామిని యాప్‌లు పెట్టుకోండి. మూడు గంటల ముందు వచ్చే హెచ్చరిక బేగంపేట రాడారు చూసి ఇచ్చేది, దాన్ని మన వాట్సప్ గ్రూపులో వేసే బాధ్యత చేవెళ్ల కమిటీది.

మన కోర్కెలు మొత్తం నాలుగు. రాళ్లవాన పడితే 48 గంటల లోపు పొలం చూడాలి. కూరగాయలకు, పూలకు మార్కెట్ నష్టం లెక్కన సాయం కట్టాలి. వలలకు సబ్సిడీ ఇవ్వాలి. వాతావరణ కేంద్రాల్లో రాళ్లను కూడా నమోదు చేయాలి, అది అయ్యేదాకా ఊరి పుస్తకాన్ని రికార్డుగా ఒప్పుకోవాలి. వినతిపత్రం తయారైంది. దానికి జతపరచడానికి ఈ సీజన్‌లో కనీసం 20 ఊళ్ల పుస్తకాలు కావాలి.

పుస్తకాలు వెనక బల్ల మీద ఉన్నాయి. ఆలూరుది ఇక్కడే ఇచ్చి పోతున్నాం. మిగతా ఊళ్లవాళ్లు సంతకం పెట్టి తీసుకోండి. పెన్సిల్‌తో కాదు, పెన్నుతో రాయండి.